చదువు ఎక్కడ ఆగింది? రెండు, మూడు తరగతుల తెలుగులో చిక్కులు, విరుగుళ్లు

"చదవడం రాదు" అని రిజిస్టరులో రాసుకుంటే పని జరగదు. పిల్లవాడు అక్షరం దగ్గర ఆగాడా, గుణింతం దగ్గరా, వత్తు దగ్గరా? ఆగిన చోటును బట్టే మందు. నా తరగతిలో మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి ఇవి.

పాఠం గడగడా చదువుతాడు, విడిగా ఒక పదం చూపితే నోరు మెదపడు

వాడు చదవట్లేదు, అప్పజెబుతున్నాడు. అందరితో కలిసి నాలుగుసార్లు వల్లించేసరికి పాఠం నోటికి వచ్చేసింది. బొమ్మ చూడగానే వరస అందుకుంటాడు. నేనూ ఒక ఏడాది ఇలాగే మోసపోయాను. ఒక పాప పేజీ తిప్పకుండానే తర్వాతి పేజీ కూడా "చదివేసింది", అప్పుడు గాని నాకు తెలియలేదు.

బొమ్మను చేత్తో మూసి, చివరి వాక్యం నుంచి అడగండి. పాఠంలోని పదాలనే తారుమారు చేసి బోర్డు మీద రాయండి. "కాకి చెట్టు మీద వాలింది" అని ఉంటే "చెట్టు కాకి మీద వాలింది" అని రాయండి. నిజంగా చదివినవాడు నవ్వుతాడు. నవ్వనివాణ్ని కింది మెట్టు దగ్గరికి తీసుకెళ్లాలి.

అక్షరాలన్నీ వచ్చు, పదం కలపలేడు

"ప... ల... క" అంటాడు, "పలక" అనడు. అక్షరమాల మొత్తం అయ్యాకే పదాలు అని కూర్చోవడం వల్ల వచ్చిన తంటా ఇది. "కకు గుడిస్తే కి" కూడా పాటలా వచ్చు, కానీ పుస్తకం మధ్యలో "కి" కనబడితే గుర్తుపట్టడు.

ఐదు అక్షరాలతో మొదలుపెట్టండి: క, త, ప, ర, ల. వీటితోనే కల, తల, లత, పలక, కలప వస్తాయి. దీర్ఘం చేరిస్తే తాత, పాత, రాత, తార. గుడి చేరిస్తే పిలక, రాతి, కలిపి. ఇవి తడుముకోకుండా చదివేదాకా నేను ఆరో అక్షరం జోలికి పోను. సిలబస్ వెనకపడుతుందని టెన్షన్ పడతారు గానీ, ఇక్కడ ఖర్చయిన వారం ముందుముందు తిరిగొస్తుంది.

ప, వ, ష, మ కలిసిపోతున్నాయి

ఒకేలా ఉన్నాయని ఒకే రోజు నేర్పడమే కారణం. వాటి మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉంచండి. తర్వాత పక్కపక్కన పెట్టి తేడా ఉన్న చోటును మాత్రమే రంగు సుద్దతో దిద్దించండి. "వు"కీ "మ"కీ తికమకపడేవాళ్లకు ఒకటే గుర్తు: "వు"లో కొమ్ము అడుగు నుంచి మొదలవుతుంది.

"భక్తి"ని "భకిత" అంటాడు

దీన్ని అశ్రద్ధ అనుకుని కసురుతాం. నిజానికి పిల్లవాడు కంటికి కనబడిందే చదివాడు. గుడి "క" మీద ఉంది, త వత్తు కింద ఉంది. కానీ పలికేటప్పుడు ఆ "ఇ" శబ్దం "త" తర్వాత వస్తుంది. పైన ఉన్న గుర్తును చివర పలకాలని మనం ఎప్పుడూ విడమరిచి చెప్పం. బోర్డు మీద క్ + త్ + ఇ అని విడగొట్టి, వేలితో అదే వరసలో చూపించండి. పెద్దక్షరం, కింది వత్తు, ఆ తర్వాత పైకి. శక్తి, ముక్తి, రాత్రి, కీర్తి. వారం రోజులు రోజుకు నాలుగు పదాలు చాలు.

రాతలో "అమ్మ"ను "అమ" అని రాస్తే అది వేరే చిక్కు, వినడంలో ఉంది. "అమ్... మ" అని మధ్యలో ఆపి పలికించండి. ద, గ, చ లాంటివి తలకట్టు తీసేస్తే వత్తులైపోతాయి. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం అక్షరంతో పోలిక ఉండదు, వాటిని విడిగా దిద్దించాల్సిందే.

"పాడు"ను "పడు" అని రాస్తాడు

పడు–పాడు, విడు–వీడు, కొన–కోన. దీర్ఘానికి చెయ్యి చాచి, హ్రస్వానికి చిటిక వేసి పలికించాక రాయించండి.

చూచిరాత ముత్యాల్లా ఉంటుంది, సొంతంగా ఒక్క వాక్యం రాదు

ఏడాదంతా బోర్డు చూసి, గైడు చూసి ఎక్కించుకున్న చేతికి ఆలోచనతో పనిపడలేదు. "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగి, నోటితో చెప్పిన మాటనే రాయమనండి. ఇంట్లో మాట్లాడే యాసలో రాసినా రాయనివ్వండి. ఎర్ర పెన్ను కొన్నాళ్లు జేబులోనే ఉండాలి. ఇంట్లో గోండీ, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలైతే ముందు తెలుగు మాట అర్థం కావాలి, రాత ఆ తర్వాత. వాళ్ల భాషలో ఆ మాటను ఏమంటారో అడగండి, ఉత్సాహంగా చెబుతారు.

తప్పుల్లేవు, కానీ నత్తనడక

చిన్న తరగతుల చదువు కోసం 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు చదవడం లక్ష్యంగా పెట్టింది. మన "చదువుకుంటున్నారు" కూడా ఒక్క పదమే కదా, అందుకే స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లల్ని బెదరగొట్టొద్దు. తెలిసిన చిన్న కథనే మూడు రోజులు వరసగా చదివిస్తే వేగం దానంతటదే పెరుగుతుంది.

పుస్తకంలో బాగా చదివేవాడు బోర్డు చూసి మాత్రం తప్పులు రాసుకుంటుంటే ముందు వరసలో కూర్చోబెట్టి చూడండి. అక్కడ సరిగ్గా రాస్తే పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు, ఇంట్లోవాళ్లను పిలిచి కళ్లు చూపించమని చెప్పండి.