కత్తి పెట్టకుండా వదులైన చర్మాన్ని బిగించుకోవడం: ఏ చికిత్స ఎవరికి, ఏ క్రమంలో

యంత్రాల పేర్లు, ప్యాకేజీల ధరలు విచారించడానికి ముందే మన ముఖానికి కావలసినదేమిటో తేల్చుకోవాలి. అద్దం ముందు నిటారుగా కూర్చుని, చెవి ముందరి చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా వెనక్కి జరిపి చూడండి. కొద్దిగా జరపగానే దవడ అంచు స్పష్టంగా తేలితే, వేడితో బిగించే చికిత్సల వల్ల ప్రయోజనం ఆశించవచ్చు. బాగా లాగితే తప్ప తేడా తెలియకపోయినా, గడ్డం కింద చర్మం మడతలుగా వేలాడుతున్నా, ఏ యంత్రమూ శస్త్రచికిత్స చేసే పని చేయలేదు. నవ్వినప్పుడు, కనుబొమలు ముడిచినప్పుడు పడే గీతలు కండరాల కదలిక వల్ల వచ్చేవి కాబట్టి వాటికి కండరాన్ని కొంతకాలం సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. బుగ్గలు లోపలికి పోవడం కొవ్వు, ఎముక తగ్గడం వల్ల జరుగుతుంది కాబట్టి దానికి ఫిల్లర్, అంటే చర్మం కింద సూదితో నింపే జెల్, ఆలోచించాలి. ఈ మూడింటికీ ఒకే యంత్రం చాలునని చెప్పే చోట ఆగి ఆలోచించడం మంచిది.

చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ యౌవనం దాటిన నాటి నుంచి ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని, ముట్లుడిగిన తొలి 5 ఏళ్లలో స్త్రీలలో దాదాపు 30 శాతం వరకు పోతుందని వైద్యుల అంచనా. దీనికి తోడు మేఘాలను, కిటికీ అద్దాలను కూడా దాటి వచ్చే అతినీలలోహిత ‘ఎ’ కిరణాలు, పొగాకు ఆ నష్టాన్ని వేగవంతం చేస్తాయి. మన దగ్గర మరో కారణం ఉంది: రంగు తేలుతుందన్న ఆశతో డాక్టరు చీటీ లేకుండానే మందుల దుకాణంలో కొని ఏళ్ల తరబడి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు. గొట్టం మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే, అది చర్మాన్ని పలచబరిచి సన్నని ఎర్ర రక్తనాళాలు బయటికి కనిపించేలా చేస్తుంది. అయితే ఒక్కసారిగా మానేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది కనుక, చర్మవ్యాధి నిపుణుల సలహాతోనే మానాలి. ఇలా పలచబడిన చర్మం మీద వేడి చికిత్సకు తొందరపడడం నష్టానికి నష్టం కలపడమే.

అందుచేత మొదటి మెట్టు సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో నాలుగున్నరేళ్లు జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో చర్మం ముదిరే లక్షణాలు తక్కినవారి కంటే 24 శాతం తక్కువగా కనిపించాయి. ఎస్.పి.ఎఫ్. (ఎండ నుంచి రక్షణను తెలిపే అంకె) 30కి తగ్గనిది, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత, ముఖానికీ మెడకూ కలిపి రాయాలి. ఎండలో తిరిగేవారు రెండు గంటలకొకసారి మళ్లీ రాసుకోవాలి. మంగు మచ్చలున్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. రెండో మెట్టు విటమిన్ ‘ఎ’ జాతికి చెందిన ట్రెటినోయిన్ క్రీము. దీన్ని డాక్టరు రాసిస్తేనే వాడాలి. సాధారణంగా 0.025 శాతంతో మొదలుపెట్టి, రాత్రిపూట ముఖం బాగా ఆరిన తరువాత, బఠానీ గింజంత మాత్రమే, తొలి వారాల్లో రెండు మూడు రోజులకొకసారి, కంటి మూలలను వదిలి పూయాలి. పొట్టు రాలడం, మంట మొదట్లో మామూలే. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని వాడకూడదు. (కోడిగుడ్డు తెల్లసొన, ముల్తానీ మట్టి పూసినప్పుడు కలిగే బిగుతు ఆ పూత ఆరడం వల్ల వచ్చేదే, కడిగితే దానితోనే పోతుంది.)

ఇక యంత్రాలు. వీటన్నిటి సూత్రం ఒకటే: చర్మం లోపలి పొరకు కొలిచినంత వేడి పంపితే పాత కొలాజెన్ పోగులు కొంత ముడుచుకుంటాయి, ఆ చిన్న గాయం మానే క్రమంలో కొత్త కొలాజెన్ పుడుతుంది. రేడియో ఫ్రీక్వెన్సీ అనే పద్ధతి పైచర్మాన్ని కాపాడుకుంటూ కింది పొరను విద్యుత్తుతో వేడెక్కిస్తుంది. ఈ వేడికి చర్మపు రంగుతో పనిలేదు కాబట్టి చామనఛాయ, నలుపు చర్మాలవారికి లేజర్ల కంటే ఇది భద్రమైన ఎంపిక. కేంద్రీకరించిన అల్ట్రాసౌండ్ ఇంకా లోతుకు, 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల దగ్గర చిన్న చిన్న బిందువులుగా వేడిని దించుతుంది, 4.5 మిల్లీమీటర్ల లోతున ఉన్నది శస్త్రచికిత్సలో వైద్యులు లాగి కుట్టే పొరే. కనుబొమలను ఎత్తడానికి దీనికి 2009లో అమెరికాలో అనుమతి వచ్చింది. నొప్పి ఎక్కువే. సన్నని ముఖం గలవారికి కొవ్వు కరిగి బుగ్గలు మరింత లోపలికి పోయే ప్రమాదం ఉంది కనుక, దవడ, గడ్డం కింద కొంత నిండుదనం ఉన్నవారికే ఇది నప్పుతుందని నా అభిప్రాయం.

సూదులతో రేడియో ఫ్రీక్వెన్సీని లోపలికి పంపే పద్ధతి మొటిమల గుంటలకూ పనికొస్తుంది. కానీ కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు నష్టం, నరాలు దెబ్బతినడం వంటి ఫిర్యాదుల మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025లో హెచ్చరిక జారీ చేసింది. పై పొరను ఒలిచే లేజర్లు మన రంగు చర్మానికి నల్లమచ్చలు మిగిల్చే అవకాశం ఎక్కువ. చర్మం కిందికి దారాలు దూర్చి లాగే పద్ధతిలో దారం కొన్ని నెలల్లో కరిగిపోతుంది, బిగువు కూడా క్రమంగా సడలుతుంది.

పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భవతులు, ముఖం మీద చీముపొక్కులు లేదా జ్వరపుపొక్కులు ఉన్నవారు, గాయం మానినచోట కండ పెరిగే స్వభావం గలవారు ముందుగానే డాక్టరుకు చెప్పాలి. బరువు తగ్గుతున్నవారు అది నిలకడకు వచ్చేదాకా ఆగాలి. ఇంట్లో పెళ్లి ఉందంటే ముహూర్తానికి కనీసం నాలుగైదు నెలల ముందే చేయించుకోవాలి, ఎందుకంటే కొత్త కొలాజెన్ ఏర్పడడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. వారం ముందు వెళితే వాపు, ఎరుపు మాత్రమే పెళ్లిఫొటోల్లో మిగులుతాయి.

చేసేవారి అర్హత యంత్రం ఖరీదు కంటే ముఖ్యం. చర్మవ్యాధుల్లో ఎం.డి. లేదా డిప్లొమా ఉందా, పేరు తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ వైద్య మండలి రిజిస్టరులో ఉందా చూసుకోవాలి. యంత్రం ఏ కంపెనీది, ప్రోబ్‌ను (చర్మానికి ఆనించే యంత్ర భాగాన్ని) స్వయంగా డాక్టరే పట్టుకుంటారా లేక సహాయకులా, మన రంగు చర్మం గలవారి ముందు-తరువాతి ఫొటోలు ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. ‘ఈ రోజే చెల్లిస్తే సగం ధర’ అన్నచోట ఆ రోజు చెల్లించకండి.

చికిత్సకు ముందు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఒకే కిటికీ వెలుగులో, అదే దూరం నుంచి, నవ్వకుండా ఫొటో తీసుకోండి. మార్పు మెల్లగా వస్తుంది కాబట్టి రోజూ చూసే అద్దంలో అది తెలియదు. కొన్ని రోజుల ఎరుపు, తాకితే నొప్పి సహజం. బొబ్బలు లేచినా, చర్మం తెల్లగా పాలిపోయినా, నవ్వినప్పుడు పెదవి ఒకపక్కకు లాగినా అదే రోజు డాక్టరును కలవాలి. ఫిల్లర్ వేయించుకున్నాక చూపు మసకబారితే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.