రోమన్ బంగారు నాణెం మీది దేవతను గుర్తుపట్టడం ఎలా

ఆరియస్ అనే రోమన్ బంగారు నాణెం వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు. అగస్టస్ చక్రవర్తి కాలంలో దాదాపు 8 గ్రాములు తూగిన ఈ నాణేన్ని, క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో చక్రవర్తి సుమారు 7.3 గ్రాములకు తగ్గించాడు. బొమ్మ వైపు సాధారణంగా చక్రవర్తి గానీ ఆయన కుటుంబీకులు గానీ ఉంటారు కాబట్టి, దేవత కోసం బొరుసు వైపు చూడాలి.

నాణేన్ని అంచులతో పట్టుకుని, పక్క నుంచి వెలుతురు పడేలా ఉంచి, భూతద్దంతో పరిశీలించండి. ముఖకవళికలతో పని లేదు. అంత చిన్న ముఖంలో దేవతల రాణి జూనోకూ ప్రేమదేవత వీనస్‌కూ తేడా కనిపించదు. శంఖచక్రాలను బట్టి విష్ణువును పోల్చుకున్నట్టే, ఇక్కడ కూడా ముందుగా చేతుల్లో ఏమున్నదో చూడాలి. నీరో ముద్రించిన ఒక ఆరియస్‌పై గడ్డం ఉన్న దేవుడు సింహాసనంపై కూర్చుని, ఒక చేత పిడుగును, మరో చేత పొడవాటి రాజదండాన్ని ధరించి ఉంటాడు. చుట్టూ ‘యుప్పిటర్ కుస్తోస్’, అంటే రక్షకుడైన జూపిటర్ (రోమన్ల దేవతల రాజు) అని ఉంటుంది. క్రీ.శ. 65లో తనపై జరిగిన కుట్ర నుంచి నీరో బయటపడటంతో ఈ నాణేనికి సంబంధం ఉందని చాలామంది పండితుల అభిప్రాయం.

అన్నీ ఇంత సులువుగా తేలవు. పండ్లతో నిండిన కొమ్మును ఫార్చూనా (అదృష్టదేవత), ఎక్విటాస్ (న్యాయదేవత), కాంకోర్డియా (సామరస్య దేవత) ముగ్గురూ పట్టుకుంటారు గనుక, రెండో చేతిని చూడకుండా తీర్పు చెప్పకూడదు: చుక్కాని ఉంటే ఫార్చూనా, త్రాసు ఉంటే సాధారణంగా ఎక్విటాస్, తర్పణపు పళ్లెం ఉంటే బహుశా కాంకోర్డియా. శిరస్త్రాణం మరీ తికమక పెడుతుంది. యుద్ధదేవుడు మార్స్, జ్ఞానదేవత మినర్వా, రోమ్ నగర దేవత రోమా ముగ్గురికీ అది ఉంటుంది. గుడ్లగూబ కనిపిస్తే మాత్రం మినర్వాయే. రెక్కలు, ఆకుల దండ, ఖర్జూరపు మట్ట ఉన్న విజయదేవత విక్టోరియా విషయంలో సందేహమే రాదు.

అక్షరాలను ఆ తర్వాతే చదవండి. చాలా నాణేలపై దేవత పేరుకు బదులు చక్రవర్తి పదవుల సంక్షిప్తాలే ఉంటాయి. కాలనిర్ణయానికి మాత్రం అవి ఎంతో ఉపయోగపడతాయి.

1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుండగా బయటపడిన చిన్న కుండలో రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, మహారాణి ఫాస్టినాల నాణేలు దొరికాయి. దక్షిణ భారతంలో దొరికిన కొన్ని నాణేలలో చక్రవర్తి ముఖంపై ఉలి గాటు, మరికొన్నింటిలో నగగా ధరించడానికి చేసిన రంధ్రం ఉంటాయి. ఆ రంధ్రం దేవత చేతిలోని వస్తువును మింగేసి ఉండవచ్చు. మీకు నేలలో ఇటువంటివి దొరికితే తోమకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయండి.