మొదటి నెలాఖరు రిపోర్టుకు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

డేటాబేస్‌లోని లెక్కల్ని రిపోర్టుగా తీసి చూపే రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మొదలుపెట్టాక రెండో వారానికల్లా ఒక ధైర్యం వస్తుంది. టేబుల్ లాగి వదిలితే కాలమ్‌లు వచ్చేస్తున్నాయి. గ్రూప్ పెడితే సబ్‌టోటల్ పడుతోంది. పైన లోగో, కింద పేజీ నంబరు, అంతా బాగుంది. సరిగ్గా అప్పుడే నెలాఖరు దగ్గరపడుతుంది, "ఈసారి సేల్స్ రిపోర్టు నువ్వు తీసి పెట్టు" అనే మాట వినిపిస్తుంది. ఆ మాట వినబోతున్నవాళ్ల కోసమే ఇది.

ప్రోగ్రాం రాసేవాళ్లకు ఒక సుఖం ఉంది. తప్పు చేస్తే చాలాసార్లు ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. రిపోర్టు అలా ఆగదు. తప్పు అంకెకు కూడా కామాలు పెట్టి, బోల్డ్ చేసి, కుడి వైపుకు సర్ది చక్కగా చూపిస్తుంది. 1990ల మొదట్లో వచ్చిన క్రిస్టల్ రిపోర్ట్స్ అయినా, 2004లో వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్ అయినా, 2015 నుంచి అందరి నోటా ఉన్న పవర్ బీఐ అయినా ఈ విషయంలో ఒకటే. స్క్రీన్లు మారాయి కానీ బోల్తా పడే చోట్లు పెద్దగా మారలేదు.

ముందు మనుషుల్ని అడగండి, తర్వాత టేబుళ్లు తెరవండి

"ఈ నెల సేల్స్" అన్నది వినడానికి ఒకటే మాట. డేటాబేస్‌లో మాత్రం దానికి నాలుగైదు అర్థాలుంటాయి. ఆర్డర్ తేదీ ప్రకారమా, సరుకు పంపిన తేదీ ప్రకారమా, బిల్లు తేదీ ప్రకారమా? పన్ను కలిపా, తీసేసా? వాపసు వచ్చిన సరుకు ఇందులోంచే తగ్గించాలా, విడిగా చూపాలా? క్యాన్సిల్ అయిన బిల్లులు చాలా సిస్టమ్‌లలో డిలీట్ కావు. స్టేటస్ కాలమ్ ఒక్కటి మారి అదే టేబుల్‌లో ఉండిపోతాయి. ఆ సంగతి తెలియకపోతే రద్దయిన బిల్లులు కూడా మీ టోటల్‌లో హాయిగా కూర్చుంటాయి.

ఈ ప్రశ్నలు అడిగితే "ఇది కూడా తెలీదా" అనుకుంటారేమోనని కొత్తవాళ్లకు మొహమాటం. అడగండి. జవాబులు వచ్చాక ఒక చిన్న మెయిల్‌లో రాసి పంపి "ఇదే కదా" అని నిర్ధారించుకోండి. అకౌంట్స్ వాళ్లు ఒక రకంగా, సేల్స్ వాళ్లు ఇంకో రకంగా చెప్తే ఆ గొడవ వాళ్ల మధ్యది. రిపోర్టు బయటకు వెళ్లాక బయటపడితే మాత్రం అది మీ నెత్తిన పడుతుంది.

లైవ్ డేటాబేస్ దగ్గర

డేటాను చదవడానికి మాత్రమే హక్కున్న లాగిన్ అడిగి తీసుకోండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరైనా ఉదారంగా ఇచ్చినా వద్దనండి. రిపోర్టుల కోసం విడిగా కాపీ డేటాబేస్ ఉంటే దాని మీదే పని చేయండి, అది ఎంత ఆలస్యంగా అప్‌డేట్ అవుతుందో మాత్రం కనుక్కోండి. కొత్త క్వెరీని (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) మొదటిసారి ఒక్క రోజు డేటా మీద నడపండి. అందరూ బిల్లులు కొట్టే వేళలో మూడేళ్ల డేటా ఒక్కసారిగా లాగితే ముందు సర్వర్ నెమ్మదిస్తుంది, తర్వాత ఫోన్లు మోగుతాయి.

సబ్‌రిపోర్టును, అంటే రిపోర్టు లోపల ఇంకో చిన్న రిపోర్టును, వరుసలు అచ్చయ్యే డిటైల్స్ సెక్షన్‌లో పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. ప్రతి వరుసకూ ఆ సబ్‌రిపోర్టు మళ్లీ నడుస్తుందని గుర్తుంచుకోండి. 5,000 వరుసలుంటే డేటాబేస్‌కు దాదాపు 5,000 సార్లు వెళ్లొస్తుంది.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పనిచేసేవాళ్లకు ఎవరో ఒకరు "నోలాక్ పెట్టు, స్పీడుగా వస్తుంది" అని చెప్తారు. వస్తుంది. ఇతరుల మార్పులు పూర్తయ్యేదాకా ఆగకుండా చదివేయమని చెప్పడమే నోలాక్. దాంతోపాటు ఇంకా ఖాయం కాని ఎంట్రీలూ వస్తాయి, ఒక్కోసారి అదే వరుస రెండుసార్లు రావచ్చు, అసలు రాకుండా పోనూవచ్చు. డబ్బు లెక్క చూపే రిపోర్టులో దాన్ని పెట్టకండి.

జాయిన్ దగ్గరే కొంప మునుగుతుంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

బిల్లుల టేబుల్‌లో ఒక బిల్లు ఉంది, మొత్తం 12,000. ఐటమ్‌ల టేబుల్‌లో ఆ బిల్లు కింద మూడు ఐటమ్‌లు: 5,000, 4,000, 3,000. రెండు టేబుళ్లూ బిల్లు నంబరు మీద కలిపితే (దీన్నే జాయిన్ అంటారు) మూడు వరుసలు వస్తాయి. ప్రతి వరుసలోనూ బిల్లు మొత్తం 12,000 అని ఉంటుంది. ఇప్పుడు "బిల్లు మొత్తం" కాలమ్ మీద టోటల్ పెడితే సాఫ్ట్‌వేర్ మారుమాట లేకుండా 36,000 చూపిస్తుంది. ఐటమ్ ధర మీద టోటల్ పెడితే 12,000 వస్తుంది. క్వెరీ ఒకటే, తేడా అంతా ఏ కాలమ్ కూడాం అన్నదాంట్లోనే.

నా మొదటి రిపోర్టు ఇలాగే పోయింది. కస్టమర్ అడ్రస్ కూడా రావాలన్నారు, అడ్రస్ టేబుల్ కలిపాను. కొందరికి బిల్లింగ్ అడ్రస్, డెలివరీ అడ్రస్ అని రెండు ఉన్నాయని నాకు తెలీదు. వాళ్ల అమ్మకాలన్నీ రెట్టింపయ్యాయి. అందరివీ రెట్టింపైతే వెంటనే పట్టుబడేవాణ్ణి. కొందరివే కావడంతో గ్రాండ్ టోటల్ "ఈ నెల బాగా జరిగినట్టుంది" అనిపించేలా వచ్చింది. మీటింగ్‌లో అందరూ సంతోషించారు కూడా. రెండు రోజుల తర్వాత అకౌంట్స్‌లో ఒకావిడ నా కాగితం, ఆవిడ లెడ్జరు పక్కపక్కన పెట్టి "బాబూ, ఈ డబ్బు మన దగ్గర లేదు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

అప్పుడు పట్టిన అలవాటు ఇప్పటికీ వదల్లేదు. ప్రతి జాయిన్‌కు ముందు వరుసలు ఎన్నో లెక్కపెడతాను, కలిపాక మళ్లీ లెక్కపెడతాను. బిల్లులు 840 ఉండి, అడ్రస్ కలిపాక 913 అయితే అక్కడే ఆగి 73 ఎక్కడివో చూడాలి. పని అర నిమిషమే.

కొత్తవాళ్లు ఈ డబుల్ వరుసలు చూడగానే, ఒకేలా ఉన్నవాటిలో ఒక్కటే ఉంచే "డిస్టింక్ట్" తగిలిస్తారు. పైపై మందు అది. మొత్తం కాలమ్‌ను డిస్టింక్ట్‌గా కూడితే, నిజంగానే 12,000 చొప్పున రెండు వేర్వేరు బిల్లులు ఉన్నప్పుడు ఒకటి మాయమవుతుంది. వరుసలకు పెట్టినా అంతే. ఒకే బిల్లులో ఒకే ఐటమ్‌ను ఒకే పరిమాణంలో రెండుసార్లు కొట్టి ఉంటే, మీరు తెచ్చిన కాలమ్‌లలో తేడా లేకపోతే అందులో ఒకటి పోతుంది. ముందు ఎక్కువ చూపిన రిపోర్టు ఇప్పుడు తక్కువ చూపిస్తుంది.

దీనికి ఎదురు బాపతు ఇంకోటుంది. "ఈ నెల ఏమీ కొనని కస్టమర్లు కూడా లిస్టులో ఉండాలి" అంటారు. మీరు బుద్ధిగా లెఫ్ట్ జాయిన్ (జత దొరకని వరుసల్నీ ఉంచే జాయిన్) వాడతారు. తర్వాత తేదీ షరతును తీసుకెళ్లి, కలిపిన వరుసల్ని వడకట్టే "వేర్"లో పెడతారు. కొననివాళ్లకు బిల్లు తేదీయే లేదు కాబట్టి ఆ షరతు వాళ్లందర్నీ ఏరి పారేస్తుంది. లెఫ్ట్ జాయిన్ పెట్టి కూడా ఫలితం మామూలు జాయిన్‌దే. తేదీ షరతు జాయిన్ షరతులోనే ఉండాలి. క్రిస్టల్‌లో ఏ వరుసలు రావాలో చెప్పే సెలెక్షన్ ఫార్ములా రాసేవాళ్లకూ ఇదే తలనొప్పి.

31వ తేదీ ఎక్కడికి పోయింది?

1 నుంచి 31 వరకు "బిట్వీన్" అని రాస్తాం. కాలమ్‌లో తేదీతోపాటు టైమ్ కూడా ఉంటే, ఉత్త 31 అంటే డేటాబేస్ దృష్టిలో 31వ తేదీ మొదలైన క్షణం, అంటే అర్ధరాత్రి 12 గంటలు. ఆ తర్వాత రోజంతా జరిగిన అమ్మకాలు బయటే ఉండిపోతాయి. టార్గెట్ అందుకోవాలని అందరూ బిల్లులు కొట్టేది ఆ చివరి రోజే.

దీనికి విరుగుడుగా కొందరు 23:59:59.999 అని రాస్తారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత డేట్‌టైమ్ రకం సెకనులో 300వ వంతు దగ్గరకు సర్దుకుంటుంది, కాబట్టి అది మర్నాటి 00:00:00 అయి కూర్చుంటుంది. సరిగ్గా ఆ టైమ్‌తో ఉన్న ఒకటో తేదీ ఎంట్రీలు ఈ నెలలోకి వచ్చేస్తాయి. టైమ్ లేకుండా తేదీ మాత్రమే ఎక్కించే సిస్టమ్ అయితే ఒకటో తేదీ మొత్తం వచ్చేస్తుంది. ఈ తిప్పలేవీ లేకుండా, ఈ నెల 1వ తేదీ నుంచి, వచ్చే నెల 1వ తేదీ కంటే తక్కువ అని రాయండి. ఫిబ్రవరికి 28 రోజులా 29 రోజులా అన్న బాధ కూడా ఉండదు.

03/04 అని రాస్తే ఒక సర్వర్ మార్చి 4 అనుకుంటుంది, ఇంకోటి ఏప్రిల్ 3 అనుకుంటుంది. తేదీలను పారామీటర్‌గా, తేదీ రకంగానే పంపండి. సిస్టమ్ టైమ్‌ను మన టైమ్‌లో కాకుండా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాస్తోందేమో కూడా ఒకసారి కనుక్కోండి, దాస్తుంటే నెల మారే దగ్గర కొన్ని గంటల అమ్మకాలు పక్క నెలలోకి జారతాయి.

ఖాళీ వేరు, సున్నా వేరు

డిస్కౌంట్ కాలమ్‌లో సున్నా ఉంటే డిస్కౌంట్ ఇవ్వలేదని. నల్ ఉంటే అక్కడ ఏమీ రాయలేదని. 500 లోంచి నల్ తీసేస్తే 500 రాదు, నల్ వస్తుంది, టోటల్ వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ వరుసను వదిలేస్తుంది. సగటు కూడా నల్ ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోదు. పదిమందిలో ఇద్దరికి రేటింగ్ లేకపోతే ఎనిమిదితోనే భాగిస్తుంది. అది సరైనదే కావచ్చు, కాకపోవచ్చు, మీకు తెలిసి జరగాలి, అంతే. క్రిస్టల్ ఫార్ములాలో మామూలు సెట్టింగ్‌తో నల్ ఫీల్డు తగిలితే ఫార్ములా అక్కడే ఆగి ఖాళీ చూపిస్తుంది. అందుకే "ఇజ్‌నల్" పరీక్ష ఫార్ములాలో ముందు రాయాలి, చివర్లో రాస్తే పనికిరాదు.

ఒక లిస్టులో లేనివాళ్లను తీయడానికి "నాట్ ఇన్" వాడేటప్పుడు ఆ లోపలి లిస్టులో ఒక్క నల్ ఉన్నా ఫలితంలో ఒక్క వరుస కూడా రాదు. "బాకీ ఉన్నవాళ్లు ఎవరూ లేరు" అని రిపోర్టు వస్తే పండగ చేసుకునే ముందు ఇది చూసుకోండి.

దాచినా లెక్కలో ఉంటుంది

ఒక వరుస కనపడకూడదనుకుని సప్రెస్ చేస్తారు. క్రిస్టల్ రిపోర్ట్స్‌లో సప్రెస్ చేస్తే అచ్చులో మాత్రమే పోతుంది. కింద సమ్మరీలో ఆ అంకె ఉంటుంది. కాగితం మీద కనిపించే వరుసల్ని ఎవరైనా క్యాలిక్యులేటర్‌తో కూడితే టోటల్‌తో కలవదు. అక్కర్లేని వరుసల్ని సెలెక్షన్ దగ్గరే ఆపేయాలి. అలా కుదరకపోతే షరతుతో కూడిన రన్నింగ్ టోటల్ (వరుస వరుసకూ కూడుకుంటూ పోయే మొత్తం) వాడాలి.

శాతాల సంగతి కూడా ఇలాంటిదే. ఒక శాఖ 100 అమ్మి 50 లాభం తెచ్చింది, 50 శాతం. ఇంకో శాఖ 900 అమ్మి 90 తెచ్చింది, 10 శాతం. రెండింటి సగటు 30 శాతం అని వేస్తే ఘోరం. మొత్తం 1,000 మీద లాభం 140, అంటే 14 శాతం. గ్రాండ్ టోటల్ వరుసలో శాతాన్ని పైనున్న శాతాల నుంచి కాకుండా మొత్తాల నుంచే లెక్కకట్టాలి.

ఎక్సెల్‌లోకి పంపేటప్పుడు

ఎక్సెల్‌లో పాత రకం ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరుసలే పడతాయి, కొత్తదాంట్లో 10,48,576. 2020 సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోవడానికి ఆ పాత ఫైలు రకమే కారణం. పట్టనివి లెక్కలోంచి జారిపోయాయి, కొన్ని రోజులపాటు ఎవరూ గమనించలేదు. ఎక్స్‌పోర్ట్ చేశాక చివరి వరుసకు వెళ్లి సంఖ్య సరిచూడండి.

సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలును) డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే కస్టమర్ కోడ్ 00417 కాస్తా 417 అవుతుంది. 15 అంకెలు దాటిన అకౌంట్ నంబర్లలో మిగతా అంకెలు సున్నాలైపోతాయి, సేవ్ చేశాక తిరిగి రావు. అలాంటి కాలమ్‌లను టెక్స్ట్‌గా ఇంపోర్ట్ చేసుకోవాలి.

ఎవరికి పంపుతున్నామో కూడా చూడండి. క్రిస్టల్‌లో డేటాతో కలిపి సేవ్ చేసిన ఫైలు పంపితే లోపలి డేటా కూడా వెళ్లిపోతుంది. ఎక్సెల్ పివట్‌లో (వరుసల్ని మొత్తాలుగా కుదించి చూపే టేబుల్‌లో) ఒక టోటల్ మీద డబుల్ క్లిక్ చేస్తే వెనకున్న వరుసలు బయటకు వస్తాయి. శాఖల వారీగా జీతాల మొత్తం మాత్రమే పంపానని మీరనుకుంటారు, అవతలివాళ్లు ఒక్కొక్కరి జీతం చూస్తుంటారు. బయటికెళ్లేది పీడీఎఫ్ అయితే నయం.

పంపే ముందు, పంపాక

టోటల్‌ను మీ రిపోర్టుతో సంబంధం లేని ఇంకో అంకెతో కలిపి చూడండి. లెడ్జరు కావచ్చు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న రిపోర్టు కావచ్చు. తర్వాత ఒక్క కస్టమర్‌ను తీసుకుని, బిల్లు బిల్లుకూ చేత్తో కూడండి. వాపసులు, డిస్కౌంట్లు, క్యాన్సిల్ బిల్లులు అన్నీ ఉన్న చిక్కు కస్టమర్‌నే ఎంచుకోండి, సాఫీగా ఉన్నవాణ్ణి చూసి లాభం లేదు.

రిపోర్టు అడుగున డేటా ఏ తేదీ, ఏ టైమ్ వరకు ఉందో, ఏ ఫిల్టర్లు పెట్టారో చిన్న అక్షరాల్లో వేయండి. పంపిన పీడీఎఫ్‌ను దాచుకోండి. నెల గడిచాక పాత తేదీతో ఎంట్రీలు పడుతూనే ఉంటాయి, అదే రిపోర్టు వచ్చే వారం మళ్లీ తీస్తే వేరే అంకె రావచ్చు. అప్పుడు "ఆ రోజు ఇదే వచ్చింది" అని చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి.

ఇన్ని చూశాక కూడా తప్పు దొరికిందనుకోండి. ఇంకెవరూ పట్టుకోకముందే మీరే చెప్పండి. నిశ్శబ్దంగా ఫైలు మార్చేసి అదే పేరుతో పెట్టకండి, ఒకరి దగ్గర పాతది, ఇంకొకరి దగ్గర కొత్తది ఉండి మీటింగ్‌లో రెండూ బల్ల మీదకు వస్తాయి. "సవరించినది" అని పైన వేసి, ఏ అంకె ఎంత నుంచి ఎంతకు మారిందో, ఎందుకు మారిందో రెండు లైన్లు రాసి, మొదటిది ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ పంపండి.