ఇంగ్లీష్ పలకరింపులు: పిల్లలు ఎక్కడ తడబడతారు, ఏం చేస్తే దారిలో పడతారు

హలో, గుడ్ మార్నింగ్, మై నేమ్ ఈజ్ ఫలానా. చిన్నపిల్లలకి నేర్పించాల్సినవి పట్టుమని పది వాక్యాలు కూడా ఉండవు. అయినా ఒకటో తరగతి టీచర్లూ, ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించే అమ్మానాన్నలూ తల పట్టుకునేది ఇక్కడే. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలయ్యాక, ఇంట్లో ఇంగ్లీష్ ముక్క చెవిన పడని పిల్లలకి కూడా బడిలో అడుగుపెట్టిన రోజే ఈ వాక్యాలు ఎదురవుతున్నాయి. ప్రైమరీ టీచర్‌గా నాకు ఏటా కనపడే ఇబ్బందులు దాదాపు ఇవే, కాస్త అటూ ఇటూగా. నన్నడిగితే వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే: పలకరింపుని మనం పద్యంలా అప్పజెప్పిస్తాం. పలకరించాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి మన జవాబుతో పనుండాలి. ఈ రెండూ లేకుండా ఎన్నిసార్లు వల్లె వేయించినా ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది.

ప్రశ్న అడిగితే ప్రశ్నే తిరిగి చెప్తున్నాడు

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంటారు మీరు. వాడు హుషారుగా, అదే రాగంలో, "వాట్ ఈజ్ యువర్ నేమ్!" అంటాడు. కాదురా, నీ పేరు చెప్పు అంటే "నీ పేరు చెప్పు" అని దాన్నీ తిరిగి అనేవాళ్ళున్నారు. నవ్వొస్తుంది గానీ వాడి లెక్క సరైనదే. పొద్దున్నుంచి ఏ ఫర్ యాపిల్ మొదలుకుని రైమ్స్ దాకా అన్నీ "నేను చెప్పింది చెప్పండి" పద్ధతిలోనే నడిచాయి కదా. టీచర్ ఇంగ్లీష్‌లో నోరు తెరిస్తే మనం తిరిగి అనాలి, వాడికి తెలిసిన రూల్ అదొక్కటే. ఈ ఒక్క వాక్యానికి మాత్రం తిరిగి అనకూడదు, జవాబు చెప్పాలి అని వాడికి ఎవరు చెప్పారు?

దీనికి మందు మూడో మనిషి. ఇంట్లో అయితే అమ్మ అడగాలి, నాన్న జవాబివ్వాలి, తర్వాత నాన్న అడగాలి, అమ్మ చెప్పాలి. పిల్లాడు పక్కన కూర్చుని చూస్తే చాలు. క్లాసులో రెండో పెద్దమనిషి ఉండరు కాబట్టి ఒక పాత సాక్సుకి రెండు బొత్తాలు కళ్ళలా కుట్టి చేతికి తొడుక్కోండి, దానికో పేరు పెట్టండి, గొంతు మార్చి మాట్లాడించండి. ముందు మీరూ బొమ్మా ఒకరినొకరు అడుగుతారు. తర్వాత బొమ్మ పిల్లల వైపు తిరుగుతుంది. ఇక్కడ ఒక కిటుకుంది, బొమ్మ పేర్లు తప్పు చెప్పాలి. రవి దగ్గరికి పోయి "ఆర్ యూ లక్ష్మి?" అని అడగాలి. క్లాసంతా "నో!" అని అరుస్తుంది, లక్ష్మి అందరికంటే గట్టిగా. "ఓకే, ఆర్ యూ శ్రీను?" మళ్ళీ "నో!" మూడోసారికి రవికి ఉక్రోషం వచ్చి వాడంతట వాడే "రవి! మై నేమ్ రవి!" అంటాడు. మధ్యలో ఈజ్ ఎగిరిపోయినా ఫర్లేదు, దాని సంగతి తర్వాత చూద్దాం. తన పేరు ఎదుటివాళ్ళకి తెలీదు, తను చెప్తేనే తెలుస్తుంది అన్న విషయం మాత్రం వాడికి ఆ క్షణంలో బోధపడుతుంది.

ఇంకో రకం ఉంది. టీచర్ "మై నేమ్ ఈజ్ పద్మ" అని చూపిస్తే, ముప్పై మందీ పద్మలైపోతారు. కారణమూ అదే, మందూ అదే.

పేరు అడిగితే బిత్తర చూపులు చూస్తుంది

ఇంగ్లీష్ రాక అనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి వేరే. ఇంట్లో ఆ పాప బుజ్జి. రిజిస్టర్లో సాయి శ్రీ వెంకట లాస్య, ముందు ఒక ఇనీషియల్. మూడు నాలుగేళ్ళ పిల్లకి ఆ రెండో పేరు తనదేనని ఇంకా పూర్తిగా నమ్మకం కుదిరి ఉండదు. ఏ పేరు చెప్పాలో తెలీక ఊరుకుంటుంది.

చేర్పించిన రోజే వాళ్ళమ్మని అడిగి ముద్దు పేరు కూడా రాసి పెట్టుకోండి. మొదట్లో "మై నేమ్ ఈజ్ బుజ్జి" అన్నా ఒప్పేసుకోండి. అలవాటయ్యాక "ఐ యామ్ లాస్య" వైపు నడిపించొచ్చు. ఇనీషియల్‌తో సహా నాలుగు ముక్కల పేరు చెప్పించే పట్టుదల మాత్రం వద్దు, అది పరీక్ష పేపర్ మీద రాయడానికి పనికొస్తుంది గానీ ఎవరినైనా కలిసినప్పుడు చెప్పుకోవడానికి కాదు.

బయటి దేశాల్లో కిండర్‌గార్టెన్‌లో చేరే మన పిల్లలకీ ఇలాంటిదే ఇంకో చిక్కు. టీచర్ పేరుని ఎలాగో పలుకుతుంది, పిల్లాడు తనని కాదేమో అనుకుని ఉలకడు పలకడు. మొదటి రోజే పేరు ఎలా పలకాలో తల్లిదండ్రులు టీచర్‌కి రెండుసార్లు చెప్పి రావడం మంచిది.

ఇంట్లో గడగడా చెప్తాడు, చుట్టాల ముందు అమ్మ కొంగు వెనక దాక్కుంటాడు

"అంకుల్‌కి గుడ్ ఈవెనింగ్ చెప్పు నాన్నా. చెప్పమ్మా. రోజూ చెప్తావు కదా. ఇంట్లో అయితే ఒకటే వాగుడండీ, ఇప్పుడేమో సిగ్గు." ఈ సీన్ తెలియని ఇల్లుండదు. పిల్లాడికి ఆ అంకుల్ ఎవరో తెలీదు, అందరూ తన మొహంలోకే చూస్తున్నారు, చెప్పకపోతే పరువు పోయేలా ఉంది. ఇంత టెన్షన్‌లో పెద్దవాళ్ళకే మాట పెగలదు.

ముందు ఆ "చెప్పు" అనడం మానేయండి. మీరే అంకుల్‌ని పలకరించండి, పిల్లాడు వింటాడు. చెయ్యి ఊపినా, నమస్తే పెట్టినా పలకరింపు కిందే లెక్క. వచ్చినప్పుడు చెప్పనివాడు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చక్కగా "బై" అంటాడు, ఎందుకంటే అప్పటికి మనిషి అలవాటవుతాడు. కాబట్టి మొదట బై దగ్గరే మొదలుపెట్టండి. ఫోన్‌లో అమ్మమ్మతో "హలో, హౌ ఆర్ యూ" అనిపించడం కూడా మంచి దారి, తెలిసిన గొంతు, పైగా చూసేవాళ్ళుండరు. అన్నిటికంటే ముఖ్యం, వాడి ముందే వచ్చినవాళ్ళతో "వీడికి సిగ్గండీ" అనకండి. రెండుసార్లు వింటే వాడూ అదే ఖాయం చేసుకుంటాడు.

బళ్ళో చేరిన కొత్తల్లో పిల్లలు కొత్త భాష వింటూ, అర్థం చేసుకుంటూ కూడా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నోరు విప్పకపోవడం మామూలే. స్టీఫెన్ క్రాషెన్ లాంటి భాషా నిపుణులు 1980ల్లోనే ఈ మౌన దశ గురించి రాశారు. "స్టాండ్ అప్", "వేవ్ యువర్ హ్యాండ్" అంటే చేస్తున్నాడంటే లోపల పని జరుగుతోందన్నమాట.

గుడ్ మాా...ర్నింగ్ టీీ...చర్

తలుపు దగ్గర మీ నీడ పడగానే క్లాసంతా లేచి ఆ రాగం అందుకుంటుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ అదే పిల్లని వరండాలో ఒంటరిగా పట్టుకుని గుడ్ మార్నింగ్ అంటే తెల్లమొహం వేస్తుంది. గుంపులో ముప్పై గొంతుల్లో తన గొంతు కలపడమే వచ్చు, ఒక మనిషికి చెప్పడం రాదు. కోరస్‌ని మాన్పించక్కర్లేదు, పిల్లలకి అదో సరదా. దానికి తోడు ఒక్కొక్కరికీ విడిగా ఒక అవకాశం పెట్టండి. అందరికంటే తేలికైన చోటు హాజరు. "ప్రెజెంట్ మేడమ్" బదులు, మీరు "గుడ్ మార్నింగ్ లాస్య" అంటే ఆ పాప మీ వైపు చూసి "గుడ్ మార్నింగ్ మేడమ్" అనాలి. అదనంగా టైమ్ పట్టదు, రోజూ ప్రతి పిల్లకీ ఒకసారి నిజమైన పలకరింపు దొరుకుతుంది. ఒకరోజు మెల్లగా, ఒకరోజు గుసగుసగా చెప్పించండి, ఆ రాగం దానంతటదే పోతుంది.

హౌ ఆర్ యూ అంటే "ఐ యామ్ ఫైవ్"

ఇది భలే ఉంటుంది. హౌ ఆర్ యూ, హౌ ఓల్డ్ ఆర్ యూ రెండూ ఒకే వారంలో నేర్పిస్తే ఇలాగే అవుతుంది. పిల్ల చెవికి మొదట తగిలేది హౌ, చివర తగిలేది ఆర్ యూ, మధ్యలో ముక్క జారిపోతుంది. రెంటినీ కొన్ని వారాల ఎడంతో నేర్పించండి. వయసు అడిగేటప్పుడు ఎప్పుడూ వేళ్ళు చూపిస్తూ అడగండి, ఎలా ఉన్నావనేటప్పుడు మొహం వైపు చెయ్యి చూపించండి. సైగ కొన్నాళ్ళుంచి తర్వాత తీసేయొచ్చు.

దీనికి అన్నలాంటిది ఇంకో సమస్య: ఎప్పుడడిగినా "ఐ యామ్ ఫైన్ థాంక్యూ". గ్రౌండ్‌లో పడి మోకాలు చెక్కుకుపోయి, ముక్కు చీదుకుంటూ వచ్చిన పిల్లాడిని హౌ ఆర్ యూ అంటే, వెక్కుతూ వెక్కుతూనే "ఐ యామ్ ఫైన్ థాంక్యూ" అంటాడు. వాడికి ఇచ్చిన జవాబు ఒక్కటే మరి. బోర్డు మీద నాలుగు మొహాలు గీయండి: హ్యాపీ, సాడ్, టైర్డ్, హంగ్రీ. రోజూ అడిగినప్పుడు వాడొచ్చి ఒకదాని మీద చెయ్యి పెట్టి ఆ మాట చెప్పాలి. మధ్యాహ్న భోజనం గంట ముందు అడిగితే హంగ్రీకే ఓట్లన్నీ. హంగ్రీ అన్నవాడిని "వాట్ డిడ్ యూ ఈట్?" అని కదిపితే "ఉప్మా" అంటాడు. అదిగో, సంభాషణ మొదలైపోయింది.

మై నేమ్ రవి, ఐ సెకండ్ క్లాస్

తెలుగులో "నా పేరు రవి" అంటాం, మధ్యలో ఈజ్ లాంటి ముక్క అవసరం లేదు. పిల్లాడు ఆ లెక్కలోనే ఇంగ్లీష్ కడుతున్నాడు. ఆపి సరిదిద్దితే తర్వాతి మాట కూడా మింగేస్తాడు. "ఓ, యువర్ నేమ్ ఈజ్ రవి! మై నేమ్ ఈజ్ పద్మ" అని మీరు సరైన రూపంలో తిరిగి అనేసి ముందుకెళ్ళండి. ఒకటికి పదిసార్లు విన్నాక ఈజ్ వచ్చి కూర్చుంటుంది. "మైసెల్ఫ్ రవి" మాత్రం పిల్లలకి వాళ్ళంతట వాళ్ళకి రాదు, అది పెద్దల దగ్గర్నుంచి అంటుకునేదే, ముందు మన నోట్లోంచి తీసేయాలి. అమ్మని చూపించి "హీ ఈజ్ మై మదర్" అంటే కంగారు పడకండి. అది కుదురుకోవడానికి ఇంకా చాలా టైముంది. ఈ వయసులో "దిస్ ఈజ్ మై అమ్మ" చాలు, ఎవరినైనా దాంతో పరిచయం చేసేయొచ్చు.

పొద్దున్నే గుడ్ నైట్

టైమ్ చూడ్డం రాని వయసు. గడియారంతో కాకుండా పనులతో ముడిపెట్టండి: బడికి రాగానే మార్నింగ్, అన్నం తిన్నాక ఆఫ్టర్‌నూన్, దీపాలు పెట్టాక ఎవరైనా వస్తే ఈవెనింగ్, పడుకోబోతే నైట్. గుడ్ నైట్ వీడ్కోలు మాట, సాయంత్రం వచ్చిన చుట్టానికి చెప్పేది కాదు. నాలుగూ ఒకేసారి వద్దు. అసలు హలో ఒక్కటుంటే ఏ పూటకైనా సరిపోతుంది.

నేము, ఈజు, ఇస్కూలు

మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి నేమ్ కాస్తా నేము అవుతుంది, స్కూల్‌కి ముందు ఒక ఇ వచ్చి చేరుతుంది. నా అభిప్రాయంలో ఈ వయసులో దీని మీద యుద్ధం దండగ. ఎదుటివాళ్ళకి అర్థమైతే చాలు. మరీ కావాలంటే ఆట కింద చేయండి: ఫైన్ అనేటప్పుడు కింది పెదవిని పై పళ్ళతో మెల్లగా తాకి గాలి ఊదమనండి, అరచేతికి గాలి తగులుతుంది, పిల్లలకి అదే పెద్ద వింత.

మాకే ఇంగ్లీష్ రాదు, ఇంట్లో ఎలా?

చాలామంది అమ్మలు ఈ మాట అంటారు. రాకపోవడమే ఇక్కడ కలిసొస్తుంది. "ఇవాళ టీచర్ ఏం నేర్పించింది, నాకూ నేర్పవా?" అని అడగండి. పిల్ల టీచరవుతుంది, మీరు స్టూడెంట్. కావాలని ఒకటి తప్పు చెప్పండి, వెంటనే దిద్దుతుంది. మీ ఉచ్చారణ విని పిల్లది చెడిపోతుందేమోనన్న భయం వద్దు, టీచర్ ఉచ్చారణ రోజూ బడిలో వింటూనే ఉంటుంది. నమస్తే, అత్తయ్యా, పెదనాన్నా అన్న పిలుపులు మాత్రం పక్కన పెట్టేయకండి. మొహమాటం లేకుండా "పెదనాన్నా, బాగున్నారా" అనగలిగిన పిల్లకి హౌ ఆర్ యూ అనడానికి కావాల్సిన ధైర్యం సగం వచ్చేసినట్టే.

ఎప్పుడు డాక్టర్‌ని అడగాలి

పైన చెప్పినవన్నీ మామూలు తడబాట్లు. పిల్ల తెలుగులో కూడా తోటివాళ్ళలా మాట్లాడకపోయినా, వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోయినా, ఇంట్లో బాగా మాట్లాడుతూ బడిలో నెల దాటినా ఏ భాషలోనూ ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడకపోయినా సంగతి వేరు. బడి మొదలైన తొలి నెలని ఈ లెక్కలో కలపకండి, కొత్త చోటు కదా. ఈ మూడూ ఇంగ్లీష్ పాఠంతో తీరేవి కావు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లలకి ప్రభుత్వం చేయించే ఆరోగ్య పరీక్షల పథకం) కింద ఆరోగ్య బృందం బడికి వచ్చినప్పుడు పిల్ల పేరు చెప్పి చూపించండి. అవసరమైతే వాళ్ళే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసి పంపుతారు, వినికిడి, మాట పరీక్షలకి అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. మీ పరిశీలన ఒక కాగితం మీద రాసి వాళ్ళమ్మ చేతికివ్వండి: పిల్ల ఎప్పుడు మాట్లాడుతోంది, ఎవరితో, ఏ పిలుపుకి తిరగట్లేదు అని. డాక్టర్ మొదట అడిగేవి అవే.