పాత లోగిలి హోటల్ చేశాక గోడలు పొక్కుతున్నాయా? ముందు ఆ సిమెంటు సంగతి చూడండి

విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు పాత మండువా లోగిలో, బంగ్లానో తీసుకుని అయిదారు రూములతో బొటీక్ హోటల్ పెట్టినవాళ్ళు నాకు ఫోన్ చేస్తే అడిగేది దాదాపు ఒకటే, అన్నా గోడ పొక్కిపోయింది, ఏ వాటర్‌ప్రూఫింగ్ కొట్టించమంటావు అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, బయట నుంచి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగావా అని. ఎవరూ తిరగరు. పది నిమిషాల పని, అది మానేసి లక్షలు పోస్తారు, చూస్తుంటే నిజంగా బాధేస్తుంది.

చిన్నవి ముందు చెప్పేస్తా.

రూము తలుపు తీయగానే మురుగు కంపు

కొన్నాళ్ళు గెస్టులు లేని రూమైతే బాత్రూములో నహానీ ట్రాప్, అంటే నేల జాలీ కింద నీళ్ళు నిలబడి కంపుని ఆపే వంపు, ఎండిపోయి ఉంటాది. రెండు చెంబుల నీళ్ళు పోసి గంటాగి చూడండి. కంపు పోతే ఖాళీ రూముల్లో వారానికోసారి నీళ్ళు పొయ్యమని హౌస్‌కీపింగ్ వాళ్ళకి చెప్పండి, అంతే. దీనికి టైల్స్ పగలగొట్టించినవాళ్ళు ఉన్నారు.

సీలింగులో మరక

వాన వెలిశాక డాబా ఎక్కండి. నీళ్ళు నిలబడి ఉంటే తూములో ఆకులు అడ్డం పడ్డాయన్నమాట. పిట్టగోడలో రావి మొక్క ఉంటే లాగొద్దు, వేరుతో పాటు ఇటుకలు ఊడొస్తాయి, మొదట్లో కోసి మందు పెట్టి వేరు చచ్చాక తియ్యాలి.

వాన పడ్డప్పుడే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సప్లై కట్టేసే స్విచ్) పడిపోవడం

గోడలో తడి వైరు పైపులోకి దిగుతోంది. ఈఎల్‌సీబీ బైపాస్ చెయ్యొద్దు, లోపల మనుషులు పడుకుంటారు. అసలు రోగం ఈ కింద చెప్పబోయేదే.

గోడకి పొక్కులు, తెల్లటి పొడి

ఇదే నన్ను ముంచింది. విజయనగరం గంటస్తంభం దగ్గర్లో ఒక లోగిలి, ఆరు రూములు, రెండడుగుల మందం డంగు సున్నం గోడలు. పాత గచ్చు అక్కడక్కడా డొల్లగా ఉందని మొత్తం చెక్కేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు ప్లాస్టరింగ్ నాలుగడుగుల ఎత్తు వరకూ లోపలా బయటా కొట్టించాం, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింటు వేశాం. మొదటి ఏడాది అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి సరిగ్గా సిమెంటు ఆగిన గీత పైన, మంచం తలాపు దగ్గర పెయింటు బుడగలేసింది, గోరుతో గీస్తే ఉప్పు లాంటి పొడి పరుపు మీద రాలింది. పైపు లీకనుకుని బాత్రూము పగలగొట్టాం, ఏం లేదు. సిమెంటు ఇంకో రెండడుగులు పైకి పెంచాం, ఆర్నెల్లకి పొక్కులు కూడా రెండడుగులు పైకెక్కాయి.

అప్పుడు ఒక ముసలి మేస్త్రి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి, "గోడ తాగింది ఎటో కక్కాలి కదేటి బాబూ, మీరు నోరు మూసేసినారు" అన్నాడు.

జరిగేది అదే. పాత గోడల కింద తడిని ఆపే పొర ఉండదు, నేలలో చెమ్మని ఇటుక పీలుస్తాది, సున్నపు పూత దాన్ని ఎప్పటికప్పుడు ఆవిరిగా వదిలేస్తాది. సిమెంటు వదలదు. తడి పైకి పైకి పాకి, సిమెంటు ఎక్కడ ఆగిపోతే అక్కడ బయటికొస్తాది, నీటితో వచ్చిన ఉప్పు అక్కడ గడ్డకట్టి పెయింటుని తోసేస్తాది. ఆలోచించండి, 2014 హుద్‌హుద్‌నీ 2018 తిత్లీనీ తట్టుకున్న గోడ, మీరు రిపేరు చేసిన రెండేళ్ళకే పొక్కిందంటే మారింది వాన కాదు కదా.

ఎలా తేల్చుకోవాలంటే, స్క్రూడ్రైవరుతో ఓ మూల గీకండి. మెత్తగా తెల్లగా రాలితే సున్నం, బూడిద రంగులో గట్టిగా ఉండి గీతే పడకపోతే సిమెంటు. తర్వాత గోడకి ఒక పాలిథీన్ ముక్క నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులుంచండి. కవరు వెనక చెమ్మ పడితే గోడలోదే, పైన రూము వైపు పడితే గాలిలోది, అప్పుడు ఏసీ సంగతి చూడాలి. ఆ తర్వాత బయటికెళ్ళి తిరగండి. రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగి అరుగు సగం కూరుకుపోయిందా, డాబా నీటి పైపు గోడ మొదట్లోనే వదులుతోందా, వాకిలంతా సిమెంటు చేసి నీళ్ళు గోడ వైపు వాలాయా.

రిపేరు కూడా బయట నుంచే మొదలెట్టాలి. గోడని ఆనుకున్న మట్టి లోపలి నేల కంటే కనీసం ఆరంగుళాలు కిందకి దింపండి, పునాది బయటపడేంత తవ్వొద్దు. డాబా నీళ్ళు దూరంగా మళ్ళించండి. శాలిహుండం, ముఖలింగం లాంటి రక్షిత కట్టడాలకి 100 మీటర్ల లోపు ఉంటే రిపేరుకైనా పర్మిషన్ తీసుకున్నాకే గునపం పట్టండి. అప్పుడు సిమెంటుని సుత్తీ ఉలీతో చెక్కించండి, బ్రేకర్ మిషన్ పెడితే ఇటుక మొహం ఊడిపోతాది. ఇటుకని ఊరికే వదిలెయ్యండి.

ఇక్కడే ఎవరూ వినరు. గోడ మందంలో అంగుళం ఆరడానికి నెల అని లెక్క చెప్తారు, రెండడుగుల గోడ రెండు వైపులా ఆరినా ఏడాది. సీజన్ పోతుందని పదిహేను రోజుల్లో పూత వేసేస్తే మళ్ళీ మొదటికే వస్తారు. కనీసం ఒక నిండు ఎండాకాలం ఆ రూము బుక్ చెయ్యకండి, నేను రెండు రూములు అలా మూసి ఉంచా, బ్యాంకు వాయిదాలు కట్టుకుంటూనే.

ఆరాక ఒకటికి మూడు సున్నం ఇసుక, పల్చగా రెండు కోట్లు, సిమెంటు గుప్పెడు కూడా కలపనివ్వద్దు. త్వరగా గట్టిపడాలని మేస్త్రి మీరు లేనప్పుడు కలిపేస్తాడు, దగ్గరుండండి. ఎండ కొట్టకుండా తడి గోనె పట్టా కట్టండి. పైన సున్నపు వెల్ల మాత్రమే వెయ్యండి, ఎమల్షన్ వద్దు.

పైపు పగలడం, గోడ పక్క పాత నుయ్యి లాంటివి అరుదు. రాత్రి మోటారు ఆపి కుళాయిలన్నీ కట్టేసి పొద్దున్న ట్యాంకు మట్టం చూస్తే ట్యాంకులోనో దాని కింది పైపుల్లోనో లీకుందో లేదో తేలిపోతాది. గోడకి కన్నాలు పెట్టి మందు ఎక్కించే కెమికల్ ఇంజెక్షన్ ఇంత మందం గోడల్లో సమంగా పాకదు, ఆ డబ్బు సున్నానికి పెట్టండి.

మంచాలు, అల్మారాలు గోడకి నాలుగంగుళాలు ఎడంగా వేయించండి. మరుసటేడు ఆ గీత దగ్గర కాస్త పొడి రాలితే మెత్తటి బ్రష్‌తో పొడిగా దులిపి చాటలోకి ఎత్తెయ్యండి. తడిగుడ్డ పెట్టొద్దు, ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతాది.