పీచు ఎక్కువైతే పొట్ట ఎక్కడ మొరాయిస్తుంది? ఏ ఇబ్బందికి ఏం మార్చాలి?

మా నాన్నకు షుగర్ అని తేలిన వారంలోనే ఇంట్లో వంట మొత్తం మారిపోయింది. మార్చింది నేనే. పొద్దున పెసర మొలకలు, నానబెట్టిన చియా గింజలు. మధ్యాహ్నం జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర, పప్పు. సాయంత్రం ఒక పెద్ద జామకాయ, గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి మళ్లీ రొట్టె. పడుకునే ముందు రెండు చెంచాల ఇసబ్గోలు. తొమ్మిదో రోజు సాయంత్రం నాన్న లుంగీ ముడి వదులు చేసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. "బిడ్డా, పొట్ట రాయి లెక్కైంది. నాకింత అన్నం పెట్టు" అన్నాడు.

ఆ రాత్రి క్యాలెండర్ కాగితం వెనక లెక్క రాశాను. మన తిండిలో దేంట్లో ఎంత పీచు ఉందో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో పట్టికలుగా వేసింది. 100 గ్రాములకు జొన్నల్లో సుమారు 10 గ్రాములు, పెసల్లో 17, శనగల్లో 25, జామకాయలో 8 పైన, తెల్ల బియ్యంలో 3 లోపు. అన్నీ కలిపితే నాన్న పళ్లెంలో రోజుకు 70 గ్రాములు దాటింది. అంతకుముందు మూడు పూటలా అన్నం తిన్నప్పుడు 20కి అటూ ఇటూ ఉండేది. అంటే ఒక్క వారంలో మూడింతలు దాటించాను.

2000 కేలరీల తిండికి 30 గ్రాముల పీచు ఉండాలని మన దేశపు సిఫారసు. ఇంతకు మించితే ప్రమాదం అని చెప్పే గరిష్ఠ పరిమితిని మాత్రం ఎవరూ పెట్టలేదు. ఎందుకంటే 30కే ఉబ్బిపోయేవాళ్లు ఉన్నారు, 60 తిని హాయిగా పొలం పనికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. మా నానమ్మ జొన్న గటక తిని పెరిగింది కదా, ఆమెకేం కాలేదు కదా అని నేనూ అనుకున్నాను. ఆమె పళ్లు వచ్చినప్పటి నుంచి తింటోంది. ఆమె పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ తిండితోనే పెరిగాయి. గటకతో పాటు చెంబెడు మజ్జిగ తాగేది, రోజంతా ఒళ్లు వంచేది. అరవై ఏళ్లు సన్నబియ్యం తిన్న పొట్టకు ఆ గటకను వారంలో అలవాటు చేయాలనుకోవడం నా పొరపాటు. ఎక్కువ శాతం ఇబ్బందులకు మూలం తిన్న గ్రాముల కంటే పెంచిన వేగమే అని నాకిప్పుడు గట్టి నమ్మకం.

ముందు గడియారం చూడండి

మందు మార్చే ముందు, వంట మార్చే ముందు ఒక్క పని చేయండి. తిన్న ఎంతసేపటికి ఇబ్బంది మొదలవుతోందో మూడు రోజులు రాసుకోండి. తింటుండగానే, లేదా లేచిన అరగంటలో బరువుగా అనిపిస్తే అది పొట్ట దగ్గరి సంగతి. నాలుగైదు గంటల తర్వాత ఉబ్బితే ఆ తిండి పెద్దపేగుకు చేరిందన్నమాట. నాన్నకు పొద్దున ఎనిమిదికి మొలకలు పెడితే మధ్యాహ్నం ఒంటిగంటకు పొట్ట ఉబ్బడం మొదలయ్యేది. పాపం ఆ రొట్టెను తిట్టుకున్నాం చాలా రోజులు. తప్పు మొలకలది.

సమస్య: గంటలు గడిచాక పొట్ట డోలులా ఉబ్బుతోంది, గ్యాస్ ఆగడం లేదు

పప్పుదినుసుల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకు వెళ్తాయి, అక్కడ సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. పులియడం చెడ్డదేం కాదు, పేగు గోడకు బలమిచ్చే ఆమ్లాలు కూడా అక్కడే తయారవుతాయి. కానీ అలవాటు లేని పేగులో ఒక్కసారిగా అంత సరుకు దిగితే తట్టుకోలేదు.

చేయాల్సింది ఇది. పీచు మానేయకండి, సగానికి దించండి. పొట్ట నెమ్మదించేదాకా, సాధారణంగా నాలుగైదు రోజులు, అక్కడే ఆగండి. తర్వాత వారానికి 5 గ్రాముల చొప్పున పెంచండి, అదీ ఒకసారికి ఒకే పదార్థం. 5 గ్రాములంటే 30 గ్రాముల పెసలు, లేదా చిన్న జామకాయ ఒకటి. మొదటి వారం జామకాయ, రెండో వారం ఒక పూట రొట్టె, మూడో వారం మొలకలు. అన్నీ కలిపి మొదలుపెడితే ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు.

శనగలు, రాజ్మా, అలసందలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లతో కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. ఆ చక్కెరలు కొంతవరకు నానిన నీళ్లలోకి దిగిపోతాయి. మొలకలను పచ్చిగా కాకుండా ఆవిరి మీద ఉడికించి పెట్టండి. పీచంతా ఒకే పూటలో కూరకుండా మూడు పూటలకూ పంచండి.

ఇంకొకటి వెతకాల్సింది డబ్బా మీద. "హై ఫైబర్" బిస్కెట్లు, ప్రోటీన్ బార్లలో చాలావాటికి ఇనులిన్ అనే పీచు కలుపుతారు. చికోరీ వేరు పీచు అని రాసి ఉన్నా అదే. ఇది చాలా త్వరగా పులుస్తుంది, కాబట్టి కొద్దిగా తిన్నా గ్యాస్ ఎక్కువే. కూరగాయలూ రొట్టెలూ మార్చకుండానే ఉబ్బరం మొదలైతే ముందు ఆ ప్యాకెట్ ఆపి చూడండి.

సమస్య: పీచు పెంచాక మోషన్ ఇంకా గట్టిపడింది

"మలబద్ధకమా? ఇంకొంచెం పీచు తిను." ఈ మాట ఎంతమంది అంటారో! కొంతమందికి ఇదే ఇబ్బందిని పెంచుతుంది.

దీన్ని మా వంటింట్లో కళ్లారా చూశాను. ఒక రాత్రి ఇసబ్గోలు గ్లాసులో కలిపి ఫోన్ వస్తే వదిలేసి వెళ్లాను. ఇరవై నిమిషాలకు వచ్చి చూస్తే గ్లాసులో నీళ్లు లేవు. చెంచా నిటారుగా నిలబడింది. గ్లాసు వంచితే జిగురుముద్ద అంచుదాకా జారి ఆగిపోయింది. ఆ రెండు చెంచాలు పావు లీటరు నీళ్లను తాగేశాయి. అంతకుముందు తొమ్మిది రోజులూ నేను నాన్నకు అరగ్లాసు నీళ్లతో ఇచ్చాను. మిగతా నీళ్లు అది ఎక్కడి నుంచి తీసుకుంటుంది? లోపలి నుంచే.

ఇసబ్గోలు ఒక చెంచాకు నిండు గ్లాసు నీళ్లు, అంటే 240 మిల్లీలీటర్లు, ఉండాల్సిందే. కలిపిన వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు మామూలు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. మింగడం కష్టంగా ఉన్న పెద్దవాళ్లకు ఇది ఇవ్వకపోవడమే మంచిది. పడుకోబోయే ముందు కూడా వద్దు, రాత్రి భోజనానికి ముందే ముగించండి. రోజంతా మూత్రం లేత పసుపుగా ఉంటే నీళ్లు సరిపోతున్నాయని లెక్క. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లకు కొలత పెట్టినవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా పెంచకూడదు.

నీళ్లు సరిచేసినా రెండు వారాల్లో తేడా రాకపోతే, అప్పుడు పీచును తగ్గించి చూడండి. పేగు కదలికే మందంగా ఉన్నవాళ్లకు, మలద్వారం దగ్గర కండరాలు సరిగ్గా వదులుకానివాళ్లకు ఎంత పీచు వేస్తే అంత సరుకు పోగుపడుతుంది. సింగపూర్ వైద్యులు మలబద్ధకం ఉన్న 63 మంది మీద చేసిన పరిశీలన 2012లో వచ్చింది. పీచు పూర్తిగా ఆపేసినవాళ్లకు మలబద్ధకం, ఉబ్బరం తగ్గాయి, ఎప్పటిలా తిన్నవాళ్లకు మార్పు లేదు. చిన్న పరిశీలన అది, అందరూ పీచు మానేయాలని కాదు. పీచు పెంచితే ఎవరికైనా తగ్గి తీరుతుందన్న నమ్మకాన్ని మాత్రం పక్కన పెట్టాలి.

ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, కొన్ని బీపీ మందులు, కొన్ని నొప్పి మందులు కూడా మోషన్‌ను బిగపడతాయి. ఆ సమయంలో కొత్త మాత్ర ఏదైనా మొదలైందేమో చూసుకోండి. వెస్టర్న్ కమోడ్ వాడేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకుని మోకాళ్లు పైకి వచ్చేలా కూర్చుంటే చాలామందికి తేలికవుతుంది.

సమస్య: నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది, తేన్పులు, వికారం

ఇది పొట్ట మాట. చియా, ఇసబ్గోలు, ఓట్స్ లాంటివి నీళ్లు పీల్చి జిగురై పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. చక్కెర మెల్లగా ఎక్కడానికి ఇదే మేలు. కానీ ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని పొట్ట ముందే మందంగా కదులుతుంటుంది. అలాంటివాళ్లకు ఈ జిగురు మరింత బరువు.

పళ్లు లేక నమలలేనివాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తేగలు, పచ్చి కొబ్బరి, నారింజ తొనల మీది తెల్లపొర నమలకుండా మింగితే నార పొట్టలో చుట్టుకుని ఉండలా మారే ప్రమాదం ఉంది. ఇంతకుముందు పొట్టకు ఆపరేషన్ అయినవాళ్లలో ఇది ఎక్కువ. వీళ్లకు రాగి జావ, మెత్తగా ఉడికిన సొరకాయ, బీరకాయ, తొక్క తీసిన పండు చాలు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు తిండిలో పీచును బాగా తగ్గించినా, పెంచినా కొన్ని రోజులు షుగర్ కొలుచుకుంటూ ఉండాలి.

సమస్య: పలచగా, రోజుకు మూడు నాలుగుసార్లు

పచ్చి సలాడ్లు, గోధుమ తవుడు, పండ్లు ఒక్కసారిగా పెంచితే పేగు తొందరపడుతుంది. తవుడు ఆపి, కూరగాయలు ఉడికించి, రెండు రోజులు పెరుగన్నంతో గడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. కానీ పెద్దవాళ్లలో ఒక మోసం ఉంది. నాలుగైదు రోజులు మోషన్ రాక, తర్వాత నీళ్లలా కొంచెం కొంచెం కారుతుంటే అది విరేచనాలు కాకపోవచ్చు. లోపల గట్టిపడిన మలం అడ్డం ఉండి, దాని పక్కల నుంచి నీరు జారుతుంటుంది. దీనికి విరేచనాలు ఆపే మాత్ర వేస్తే పరిస్థితి బిగుస్తుంది, పీచు పెంచినా అంతే. డాక్టరు చేయి పెట్టి చూడాల్సిన కేసు అది.

సమస్య: థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా రిపోర్టు సరిగ్గా రావడం లేదు

ఇసబ్గోలు గానీ ఇతర పీచు పొడులు గానీ మాత్ర దగ్గర్లోనే తీసుకుంటున్నారేమో చూడండి, అవి మాత్రను ఒంటికి పూర్తిగా పట్టనివ్వకపోవచ్చు. థైరాయిడ్ మాత్రకూ వీటికీ నాలుగు గంటల ఎడం పాటించండి. మిగతా మందులకు కనీసం రెండు గంటలు. రక్తం తక్కువున్నవాళ్లు పప్పులు, చిరుధాన్యాల మీద నిమ్మరసం పిండుకుంటే మంచిది, వాటిలోని ఫైటేట్ అనే పదార్థం ఐరన్‌ను పట్టేస్తుంది, నిమ్మరసం కొంత విడిపిస్తుంది. టీ మాత్రం తిన్న వెంటనే వద్దు.

ఇంట్లో సర్దుకోకూడనివి

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేంత నొప్పి లేదా విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మారిన మోషన్ అలవాటు. వీటిలో ఒక్కటున్నా పీచు లెక్కలు పక్కనపెట్టి డాక్టరును కలవండి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి, పేగు మూసుకుపోయి ఉండొచ్చు. క్రోన్స్ జబ్బు (పేగుల్లో వాపు వదలకుండా ఉండే జబ్బు) వల్ల పేగు సన్నబడినవాళ్లు, పాత ఆపరేషన్ల వల్ల పేగులు అతుక్కున్నవాళ్లు పీచు పెంచాలా వద్దా అన్నది తమంతట తాము నిర్ణయించుకోకూడదు.

నాన్నను మళ్లీ 20 దగ్గరి నుంచి మొదలుపెట్టాం. పది వారాలు పట్టింది. 35 దగ్గర హాయిగా ఉన్నాడు, 40 దాటినప్పుడల్లా సాయంత్రం లుంగీ ముడి మీదకి చేయి వెళ్తోంది, అక్కడితో ఆపేశాను. మధ్యాహ్నం ఒక రొట్టె, చారెడు అన్నం, మజ్జిగ. మొలకలు ఆవిరి పట్టి వారానికి రెండుసార్లు, ఆ రోజుల్లో శనగలు ఉండవు. ఇసబ్గోలు ఒకటే చెంచా, సాయంత్రం ఆరింటికి, రెండు గ్లాసుల నీళ్లతో.