లారీకి పొడిగింపు వారంటీ కొనే ముందు జాగ్రత్తలు

ముందుగా మీ బండి తిరిగే దూరాన్ని లెక్క వేసుకోండి. గడువును సంవత్సరాలలోనూ కిలోమీటర్లలోనూ రాసి, ఏది ముందు నిండితే అక్కడితో ముగిస్తారు కనుక, 4 సంవత్సరాలు లేదా 3 లక్షల కిలోమీటర్లు అన్న వారంటీ నెలకు 10,000 కిలోమీటర్లు తిరిగే లారీకి రెండున్నర సంవత్సరాలకే చెల్లిపోతుంది.

వర్తించని భాగాల జాబితాను తప్పక చదవండి. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనింగు, ఫిల్టర్ల వంటి అరిగే భాగాలకు సాధారణంగా వారంటీ ఉండదు. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల లారీలలో ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సార్లు, పొగను శుద్ధిచేసే ఎస్‌సీఆర్ వ్యవస్థ ఎంతో ఖరీదైనవి. ఇవి పేరుపేరునా చేర్చి ఉంటేనే ఆ పత్రానికి డబ్బు పెట్టడం సమంజసమని నా అభిప్రాయం. కల్తీ డీజిలు, నాసిరకం డీఈఎఫ్ (పొగ శుద్ధికి వాడే యూరియా ద్రవం), అధిక లోడు కారణంగా చెడిపోయాయని తేలితే క్లెయిమును తిరస్కరించవచ్చు కాబట్టి బంకు రసీదులను, కాటా చీటీలను, సకాలంలో చేయించిన సర్వీసు బిల్లులను భద్రపరచండి.

మీ బండి తిరిగే దారిలో అధీకృత వర్క్‌షాపులు ఎక్కడున్నాయో చూసుకోండి. టోయింగ్ ఖర్చు ఎవరిదో, బండిని అమ్మితే వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. బండి ఆగిన రోజుల కిరాయి నష్టాన్ని సాధారణంగా ఏ వారంటీ భరించదు, కిస్తీ మాత్రం ఆగదు. అందుకు కొంత సొమ్ము విడిగా ఉంచుకోండి.